మామిడి కొత్తా, కొత్త మామిడా?

మాలో ఒకరు చాలా ఏళ్లు ఏజెన్సీ బడుల్లో తెలుగు పంతులుగా పనిచేశారు. ఆయన కొండరెడ్డి ఇంటి బిడ్డే. ఒక ఏడాది ఆరో తరగతి పరీక్షలో “నీకు ఇష్టమైన పండుగ గురించి పది వాక్యాలు రాయి” అని ప్రశ్న ఇచ్చారు. పిల్లలంతా హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్లే, కొండరెడ్లూ కోయలూ. ఒక్కరు తప్ప అందరూ సంక్రాంతి గురించి రాశారు. ముంగిట ముగ్గులు వేస్తామని, గొబ్బెమ్మలు పెడతామని, హరిదాసు వస్తాడని, బొమ్మల కొలువు తీరుస్తామని రాశారు. ఆ పిల్లల ఊళ్లకు హరిదాసు ఎప్పుడూ రాలేదు. బొమ్మల కొలువు వాళ్లు కళ్లతో చూడలేదు. అయినా వాక్యాల్లో తప్పులు లేవు కాబట్టి మంచి మార్కులు వచ్చాయి.

మిగిలిన ఆ ఒక్క పిల్ల “మా ఊళ్లో మామిడి కొత్త చేస్తారు” అని మొదలుపెట్టింది. నాలుగు వాక్యాలు రాసి ఆపేసింది. పంతులు ఎర్ర కలంతో ‘మామిడి కొత్త’ను కొట్టేసి పైన ‘కొత్త మామిడి’ అని దిద్దారు. పక్కన ‘అసంపూర్ణం’ అని రాసి రెండు మార్కులు వేశారు.

ఈ సంగతి మా సమావేశంలో ఆయనే చెప్పారు. “మా అమ్మ నోట వెయ్యిసార్లు విన్న మాట అది. కుర్చీలో కూర్చున్నాక నాకే తప్పుగా కనబడింది” అన్నారు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. మాలో చాలామందిమి ఏదో ఒక రోజు ఆ ఎర్ర కలం పట్టినవాళ్లమే. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాం. పండుగల గురించి పిల్లలకు తెలుగులో ఏం రాస్తున్నారు అన్నది ఇందులో మొదటి ప్రశ్న. మన ఇళ్లల్లో పిల్లల పండుగ గురించి మనం ఏం రాశాం అన్నది రెండో ప్రశ్న. మొదటి దానికి జవాబు చెప్పడం తేలిక. రెండోదే మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

తెలుగులో పిల్లల కోసం రాసే పండుగ వ్యాసానికి ఒక అచ్చు ఉంది. బడి వ్యాసాల్లోనూ, ఆదివారం అనుబంధాల్లోనూ, పిల్లల పత్రికల్లోనూ ఆ అచ్చే తిరుగుతుంది. పొలంలో పంట ఇంటికొస్తుంది. అల్లుళ్లు, కూతుళ్లు, మనవలు వస్తారు. భోగి నాడు పిల్లలు తాము చేసిన పిడకల దండలు తెచ్చి మంటలో వేస్తారు. చంటిపిల్లలకు సాయంత్రం రేగుపళ్లు, పూలరేకులు, చిల్లర డబ్బులు కలిపి భోగిపళ్లు పోస్తారు. నాయనమ్మ అరిసెలు వత్తుతుంది. గంగిరెద్దు తల ఊపుతుంది. కనుమ నాడు పశువులకు పూజ. ఈ ఇల్లు ఊహించి రాసిన ఇల్లు కాదు. గోదావరి డెల్టాలో నిజంగా ఉన్న ఇల్లు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువల కింద ఏటేటా వరి పండిన తర్వాత నిలబడిన ఇల్లు. కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తండ్రి భుజాల మీద కూర్చుని వెళ్లిన పిల్లవాడికి ఆ పండుగ బతికినంతకాలం గుర్తుంటుంది. అందులో మాకు పేచీ లేదు.

పైగా ఆ ఇంటి గురించి తెలుగువాళ్లు బాగా రాసుకున్నారు. తూర్పు గోదావరిలోనే పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ఆ ఇళ్లల్లో ఆడవాళ్లు మాట్లాడుకునే తెలుగునే సాహిత్యం చేశారు. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ 1950ల్లో ‘బుడుగు’ రాశారు. మధ్యతరగతి ఇల్లు ఎలా ఉంటుందో పెద్దవాళ్లు చెప్పడం వేరు, ఆ ఇంట్లో పిల్లవాడు చెప్పడం వేరు అని ఆ పుస్తకం చూపించింది. బామ్మ, బాబాయి, అమ్మా నాన్నా అందరూ పిల్లవాడి కళ్ల ఎత్తు నుంచే కనిపిస్తారు. మనం అసూయపడాల్సిన పుస్తకం అది. మన ఇళ్లకు అలాంటి పిల్లవాడు ఇంకా దొరకలేదు.

మా పేచీ ఎక్కడంటే, ఒక ప్రాంతపు ఇంటి పండుగ ‘పండుగ’ అనే మాటకే అర్థం అయిపోవడం దగ్గర. ఆ వ్యాసంలో మన వస్తువులు మాత్రం ఉంటాయి. భోగి నాటి తలంటు స్నానానికి కుంకుడుకాయ, సీకాయ కావాలి. అవి అడవిలో ఏరినవి. పండుగ భోజనాలకు ఎన్నో ఊళ్లల్లో అడ్డాకుల విస్తళ్లు వాడేవాళ్లు. ఆ ఆకులు కోసుకొచ్చింది, కట్టలు కట్టింది మన అమ్మలు. పులిహోరలో చింతపండు, ఇల్లు ఊడ్చే కొండచీపురు కూడా కొండ దిగి వచ్చినవే. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ డిపోల్లో తూకం వేసి ఇచ్చిన సరుకులో సగం డెల్టా పండుగలకు పనికొచ్చేదే. తల్లి సంతకు సీకాయ మూట ఎత్తుకుని వెళ్తే వెనక నడిచిన పిల్ల ఒకతి ఉంటుంది కదా. పండుగ పాఠంలో సీకాయ ఉంది, ఆ పిల్ల లేదు. బడికొచ్చి ఆ పాఠమే చదివి, “మేము తలంటు పోసుకుంటాము” అని రాసి మార్కులు తెచ్చుకుంటుంది.

ఇప్పుడు ఆ నాలుగు వాక్యాల పిల్ల దగ్గరికి వద్దాం. ఆమె రాసిన మాటలో తప్పు లేదు. మన మాటలో ‘కొత్త’ అంటే విశేషణం కాదు, నామవాచకం. ఏ పంటనైనా, ఏ పండునైనా ఆ ఏడు మొదటిసారి తినబోయే ముందు ఊరంతా కలిసి దేవతకూ చనిపోయిన పెద్దలకూ పెట్టి, తర్వాత తాము తింటారు. ఆ పనికి పేరు కొత్త. మామిడి కొత్త, చిక్కుడు కొత్త, సామ కొత్త. కొత్త మామిడిని రాజమండ్రి బజారులో డబ్బున్న ఎవరైనా కొనుక్కోవచ్చు. మామిడి కొత్తను ఎవరూ కొనలేరు. దాన్ని ఊరు చెయ్యాలి. మాటలు రెండూ అవే. క్రమం మారితే ఊరు పోయి కాయ మిగిలింది.

మామిడి కొత్త పిల్లలకు ఎలా ఉంటుందో మన వ్యాసాల్లో ఎక్కడా రాయలేదు కాబట్టి ఇక్కడ కొంచెం చెప్పుకుందాం. అది పండుగ రోజున మొదలవదు. చెట్టు పూత పూసిన నాడు మొదలవుతుంది. పిందె కాయ అవుతుంది. గాలికి రాలుతుంది. పిల్లలు దాన్ని చూస్తారు. ముట్టకూడదు. ఎందుకు అంటే “ఇంకా కొత్త చెయ్యలేదు” అంటారు. ఎప్పుడు చేస్తారు అంటే “పూజారి చెప్పాలి, పెద్దలు కూర్చోవాలి” అంటారు. ఎదురుచూడడమే పిల్లల వంతు వచ్చే పని. ఎదురుచూడలేక ఎవడో ఒకడు చెట్టు చాటున ఒక కాయ కొరుకుతాడు. మామిడి సొన మూతికి అంటుకుని మర్నాటికి పొక్కుతుంది. ఇంట్లో అవ్వ ఆ మూతి చూస్తుంది. చూసి కొట్టదు. నూనె చుక్క వేలితో తీసుకుని రాస్తూ “చీమ కుట్టిందా అయ్యా?” అని అడుగుతుంది. పిల్లవాడు “ఊఁ” అంటాడు. ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. ఆ పిల్లవాడు మరుసటి ఏడు కొరకడు.

ఈ ఒక్క సంగతిలో మన కుటుంబం పిల్లల్ని ఎలా పెంచుతుందో మొత్తం ఉంది. నియమం ఉంది, తప్పు చేసిన వాడికి తప్పించుకునే దారి ఉంది, సిగ్గు ఉంది, నవ్వు ఉంది. ఆ నియమానికి కడుపుతో కూడా సంబంధం ఉంది. కొండరెడ్ల ఇళ్లల్లో మామిడి టెంకలు ఎండబెట్టి, లోపలి జీడిని నానబెట్టి వగరు పోగొట్టి, పిండి చేసి వానాకాలంలో జావ కాచుకునేవాళ్లు. చేతిలో గింజ లేని నెలల్లో ఇంటిల్లిపాదినీ నిలబెట్టిన తిండి అది. పిందె దశలోనే పిల్లలు తినేస్తే టెంక ముదరదు. ఎదురుచూడమని చెప్పిన పెద్దలకు ఆ లెక్క తెలుసు. పండుగ పాఠంలో పిల్లలు చేసే పనులు మూడు: కొత్త బట్టలు తొడుక్కోవడం, పిండివంటలు తినడం, ఆడుకోవడం. మన పండుగలో పిల్లవాడి చేతికి వచ్చిన పని ఆగడం. దీన్ని పాఠంలో పెడితే మైదానం పిల్లలకు కూడా నష్టం ఏమీ లేదు. ఆ ఏటి మొదటి మామిడి ముక్కను ఉగాది పచ్చడిలోనే తినే ఇళ్లు కిందా ఉన్నాయి. ‘మామిడి కొత్త’ను కొట్టేయకుండా “మీ ఊళ్లో ఇలాగా, కింద ఊళ్లో అలాగా” అని రెండింటినీ పక్కపక్కన పెట్టి ఉంటే ఆ రోజు తరగతిలో అందరూ ఒక కొత్త సంగతి నేర్చుకునేవాళ్లు.

భూమి పండుగ సంగతి కూడా ఇంతే. తొలకరికి ముందు విత్తనాలకు పూజ చేసి, ఆ తర్వాతే నేలలో వేస్తారు. కోయల మాటలో ఇది విజ్జ పండుం, విత్తనాల పండుగ. మగవాళ్లు వేటకు అడవిలోకి వెళ్తే, ఆడవాళ్లు, పిల్లలు దారికి అడ్డంగా తాడో వెదురో పట్టుకుని, వచ్చే పోయే వాళ్లను ఆపి, రేల పాడి, డబ్బులు అడుగుతారు. మారేడుమిల్లి ఘాట్ దారిలోనో చింతూరు దారిలోనో ఆ రోజుల్లో వెళ్లిన వాళ్లకు ఇది తెలుసు. కార్లలో వెళ్లేవాళ్లకు అది బిచ్చంలాగా కనిపించవచ్చు. తాడు పట్టుకున్న ఏడేళ్ల పిల్లకు మాత్రం ఏడాదిలో ఆ ఒక్క రోజే రోడ్డు తనది. లారీ కూడా ఆగుతుంది. డ్రైవరు దిగి బతిమాలుకుంటాడు. ఆ డబ్బు ఊరి పండుగలో కలుస్తుంది. ఈ ఆనందం ఎవరు రాశారు? మనలో ఎవరమూ రాయలేదు. విలేకర్లు ఫొటో తీసి ‘వింత ఆచారం’ అని శీర్షిక పెట్టుకున్నారు.

ఇక్కడ భాష సంగతి ఒకటి చెప్పాలి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాతృభాషలో ప్రాథమిక చదువు కార్యక్రమం మొదలైనప్పుడు ఎనిమిది భాషల్లో వాచకాలు తయారయ్యాయి. సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, కోయ, గోండి, కొలామీ, బంజారా. మంచి పని. అంతకు చాలా ముందే గిడుగు రామమూర్తి పంతులు సవర నేర్చుకుని సవర పిల్లల కోసం ఆ భాషలో పుస్తకాలు తయారుచేశారు. కోయ పిల్లవాడికి ‘పండుం’ అనే మాట అచ్చులో చూసే అవకాశం అలా వచ్చింది. కొండరెడ్డి పిల్లలకు రాలేదు. కొండరెడ్ల తల్లిభాష తెలుగే. కాబట్టి వాళ్లకు వేరే వాచకం అక్కర్లేదన్నారు. భాష ఒకటే అన్నంత మాత్రాన అందులో ఇల్లు ఒకటే అవదు. తెలుగు వాచకం వాళ్ల భాషలోనే ఉంటుంది, వాళ్ల ఇల్లు అందులో ఉండదు. కోయ మాట అయితే పంతులుకు అది వేరే భాష అని కనీసం తెలుస్తుంది. ‘మామిడి కొత్త’ తెలుగు మాట కావడం వల్ల తప్పు తెలుగుగా కనిపించింది. ప్రభుత్వం బాగా వెనకబడిన గిరిజన సమూహాల్లో ఒకటిగా గుర్తించిన కొండరెడ్లకు చదువులో జరిగిన ఈ నష్టం ఏ లెక్కల్లోనూ కనపడదు.

ఇంతవరకూ చెప్పింది మొదటి ప్రశ్న గురించి. ఇక మన గురించి.

ఈ పదేళ్లలో ఆదివాసీ రచయితలుగా మనం పండుగల మీద రాసినవి ఒక దగ్గర పెట్టుకుని చదివాం. వాటికీ ఒక అచ్చు ఉంది. పండుగ పేరు, ఏ నెలలో వస్తుంది, ఏ దేవత, ఏం బలి ఇస్తారు, ఏం నాట్యం చేస్తారు, చివర ‘ఇంతటి గొప్ప సంస్కృతి నేడు అంతరించిపోతున్నది’ అనే వాక్యం. ఈ వ్యాసాల్లో ఊరు ఉంది గాని ఇల్లు లేదు. పూజారి ఉన్నాడు గాని పిల్లలు లేరు. అంతరించిపోతోందని బాధపడుతున్నాం. అది ఎవరి చేతికి అందాలో ఆ పిల్లవాడిని ఒక్క వాక్యంలో కూడా పిలవలేదు. మన వ్యాసాలు కూడా బయటివాళ్లకు పరిచయం చెయ్యడానికే రాసినట్టున్నాయి. ఆ పని ఎనభై ఏళ్ల కిందటే జరిగింది. పాపికొండల రెడ్ల మీద హైమెన్‌డార్ఫ్ రాసిన పెద్ద పుస్తకం 1945లో ఇంగ్లీషులో వచ్చింది. మన తాతల పండుగల సంగతి తెలుసుకోవడానికి మనలో చదువుకున్నవాళ్లు ఇవాళ్టికీ ఆ పుస్తకమే తెరుస్తున్నారు. ఆయన బయటి నుంచి వచ్చిన మనిషి, బయటి నుంచి చూశారు, చూసింది శ్రద్ధగా రాశారు. లోపల పుట్టిన మనం కూడా గడప బయటే నిలబడి రాయడం ఏమిటి?

మన చరిత్ర రచనలోనూ ఇదే కనిపిస్తుంది. 1879 రంప తిరుగుబాటు గురించి మనం చాలా రాశాం. చిగురుపన్ను గురించి రాశాం. ఇంటి వాడకానికి గీసుకునే కల్లు మీద పన్ను వెయ్యడం తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం అని రాశాం. నిజమే. కల్లు ఇంట్లో ఎక్కడ ఉండేది? పెళ్లిలో, చావులో, కొత్తలో పెద్దలకు ఆకుదొన్నెలో పోసే చోట ఉండేది. కల్లు మీద పన్ను అంటే ఇంటి పండుగ మీద పన్ను. తిరుగుబాటు పుట్టాక మాత్రమే మన ఇల్లు మన రాతల్లోకి వస్తోంది. ఏ గొడవా లేని మామూలు రోజున ఆ ఇంట్లో పిల్లలు ఏం చేస్తున్నారో మనకు రాయదగిన సంగతిగా తోచడం లేదు.

ఆగస్టు 9 గురించి కూడా మాట్లాడుకోవాలి. ఆదివాసీ దినోత్సవం మనకు కావాలి. ఆ రోజు పిల్లలకు కొమ్ములు పెట్టి, ఒకే రంగు చీరలు కట్టి వేదిక ఎక్కిస్తారు. అధికారులు చూస్తారు, మనం చప్పట్లు కొడతాం. ఆ పిల్లలకు అడుగులు నేర్పింది ఇంట్లో అత్తా అవ్వా కాదు, నెల రోజుల ముందు హాస్టల్లో పెట్టిన రిహార్సల్. రేల ఏ పనికి పాడతారో, ఎవరు మొదలుపెడితే ఎవరు అందుకోవాలో తెలియకుండానే చాలా చక్కగా ఆడతారు. సంక్రాంతి వ్యాసం కంఠస్థం చేసినట్టే దీన్నీ కంఠస్థం చేశారు. కొమ్ములు మనవి కాబట్టి మనకు తేడా తెలియడం లేదు.

మనం రాయకుండా దాచినవి కూడా ఉన్నాయి. పిల్లల కోసం రాస్తే వేట గురించి ఏం చెప్పాలి? 1972 చట్టం తర్వాత వేట నేరం. 2008 నుంచి పాపికొండలు జాతీయ పార్కు. చాలా ఊళ్లల్లో ఇప్పుడు భూమి పండుగ వేట పేరుకే మిగిలింది. ఈ సంగతి పిల్లలకు ఉన్నది ఉన్నట్టు చెప్పవచ్చు. తాత విల్లు ఎందుకు చూరులోనే ఉండిపోయిందో పిల్లవాడు తెలుసుకోవాలి. తాగుడు సంగతి ఇంకా కష్టం. దొన్నెలో కల్లు వేరు, సీసాలో సారా వేరు అని మనం సభల్లో చెబుతాం. పండుగ రాత్రి నాన్న తాగి వస్తే పిల్లలు అవ్వ పక్కలో నక్కి పడుకున్న ఇళ్లు మనకు తెలియనివి కావు. పండుగను పొగిడే వ్యాసంలో ఆ రాత్రి ఉండదు. అమ్మ ఏడుపు ఉండదు. ఆ పిల్లలు పెరిగి పండుగ అంటే ముఖం తిప్పుకుంటే సంస్కృతి మీద గౌరవం లేదని వాళ్లనే తిడతాం. క్రిస్మస్‌కు నక్షత్రం కట్టే ఇళ్లు మనలో ఉన్నాయి. అయ్యప్ప మాల వేసే ఇళ్లు ఉన్నాయి. ఒకే ఇంట్లో అన్నది ఒక పండుగ, తమ్ముడిది ఒక పండుగ. ఆ ఇంటి పిల్లలు రెండు చోట్లా తింటారు. కొత్త నాడు మాత్రం “నువ్వు రావచ్చా, రాకూడదా” అని పెద్దలు గొడవపడుతుంటే మధ్యలో నిలబడతారు. ఈ పిల్లల కథ రాయకుండా ‘ఆదివాసీ పండుగ’ అని ఒకే బొమ్మ గీస్తే, మైదానం పాఠం చేసిన పనే మనమూ చేస్తున్నాం.

ఇదంతా ఇప్పుడే ఎందుకు అంటారేమో. ఆలస్యం చెయ్యడానికి వీలు లేదు కాబట్టి. 2019 నుంచి పోలవరం కాఫర్‌డ్యామ్ వెనక వరద నిలిచి దేవీపట్నం మండలంలో ఊళ్లు మునుగుతూ వచ్చాయి. కుటుంబాలు పునరావాస కాలనీలకు వచ్చాయి. వరసగా స్లాబు ఇళ్లు, మధ్యలో సిమెంటు రోడ్డు. పరిహారం లెక్కల్లో ఇంటికి విలువ కట్టారు, భూమికి కట్టారు, చెట్లకు కూడా కట్టారు. ఊరంతా కలిసి కొత్త చేసే చెట్టుకు మాత్రం విలువ కట్టే పద్ధతి ఏ లెక్కలోనూ లేదు. కాలనీలో మూడు నాలుగు ఊళ్ల వాళ్లు కలిసి ఉంటే ఎవరి పూజారి రోజు చెప్పాలి? కొండ దేవత కొండ దగ్గరే ఉండిపోతే ఎటు తిరిగి పెట్టాలి? అలాంటి ఒక కాలనీలో మేం కూర్చున్నప్పుడు ఒక అవ్వ సంచిలో మామిడికాయలు పెట్టుకుని వచ్చింది. గోకవరం సంతలో కొన్నవి. కొత్త చెయ్యకుండా ఎలా తినాలని నాలుగు రోజులుగా అలాగే ఉంచింది. మనవడు ఐదేళ్లవాడు. “సంతలో అందరూ తింటున్నారు కదా అవ్వా” అన్నాడు. అవ్వ దగ్గర జవాబు లేదు. మా దగ్గరా లేదు. కడకు కాలనీ చివర ఒక వేపచెట్టు కింద, తూర్పుకు తిరిగి, తనకు గుర్తున్న పేర్లు చెప్పి, ఒక కాయ కోసి పెట్టింది. తర్వాత వాడి చేతిలో ముక్క పెట్టింది. అది కొత్త అవుతుందా కాదా అని ఊరి పెద్దలు వాదించవచ్చు. వాడికి మాత్రం అదే మొదటి కొత్త. వాడు పెద్దయ్యాక గుర్తు చేసుకునేది ఆ వేపచెట్టునే. మనం రాయాల్సింది దాని గురించి.

ఇక సెలవుల సంగతి. సంక్రాంతికీ దసరాకూ తేదీ క్యాలెండర్లో ముందే ఉంటుంది. మన పండుగకు ఊరు తేదీ చెబుతుంది, ఊరికో తేదీ. కాబట్టి సెలవుల జాబితాలో పెట్టలేమని అంటారు. బడికి స్థానిక సెలవు ఇచ్చుకునే వీలు ఉంది. హాస్టల్ పిల్లవాడిని ఒక పూట ఊరికి పంపడానికి పెద్ద ఉత్తర్వు అక్కర్లేదు. రంపచోడవరం, చింతూరు, కోట రామచంద్రపురం ఐటీడీఏలకు ఈ మాట అర్జీగా పెట్టవచ్చు, పెట్టాలి కూడా. పూత పూసిన దగ్గర్నుంచి కాయ ముదిరే దాకా హాస్టల్లో ఉన్న పిల్లవాడికి ఎదురుచూడడం అనే భాగమే అందదు. హాస్టల్ గేటు దగ్గర ఉప్పూ కారం వేసిన ముక్కలు అమ్ముతారు. ఎవరూ వద్దనరు. మూతి పొక్కినా చూసే అవ్వ లేదు. సెలవులకు ఇంటికొచ్చి, కొత్త నాడు ముక్క చేతిలో పెడితే “తిన్నాను కదా” అంటాడు. ఆ మాటకు వాడి తప్పేమీ లేదు.

ఆ లోటును పుస్తకం పూర్తిగా తీర్చలేదు. కొంత తీర్చగలదు. హాస్టల్ గదిలో పూత కాలంలో చదువుకోవడానికి వాడి చేతిలో ఒక కథ ఉంటే, ఆ కథలో ఒక పిల్లవాడు చెట్టు కింద నిలబడి ఉంటే, గేటు దగ్గర ముక్క కొనే ముందు ఒక్క క్షణం ఆగుతాడేమో. కొంటే కొంటాడు. కాని తాను దాటుతున్నది ఏమిటో తెలిసి కొంటాడు.

అందుకని ఈ సంకలనం తర్వాతి భాగానికి మేం ఒక్కటే అడుగుతున్నాం. సంస్కృతి గురించి వ్యాసం వద్దు. మీరు ఏడెనిమిదేళ్ల వయసులో ఉన్నప్పటి ఒక పండుగ రోజు రాయండి. ఎవరు వద్దన్నారు, ఎవరు చాటుగా పెట్టారు, ఎవరు తాగి వచ్చారు, ఎవరు పాడారు, మీ చేతిలో ఏ పని పెట్టారు. మీ ఇంటి మాటల్లోనే రాయండి. ఏ మాటనూ దిద్దం. రాయడం రానివాళ్లు చెబితే మాలో ఎవరైనా కూర్చుని రాసిపెడతాం. అవ్వలు ఉన్న ఇళ్లకు ముందు వెళ్దాం.

మొదట రాస్తానని చెప్పింది ఆ పంతులే. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో ఆయనకు తెలియదు. ఆమె ఆపేసిన దగ్గర, ఐదో వాక్యం నుంచి మొదలుపెడతానన్నారు.